తీరిక ఉన్న కళ్లకే మనిషి కనిపిస్తాడు

పెళ్లయిన కొత్తలో భార్యాభర్తలకు మాటలెక్కువ, సమయం తక్కువ. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాక సమయం ఎక్కువ, మాటలు తక్కువ. విశ్వాసుల కుటుంబాలూ ఇందుకు మినహాయింపు కాదు. ఆదివారం ఆరాధన, బుధవారం కూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన... అన్నిటికీ దొరికే సమయం జీవిత భాగస్వామికి మాత్రం దొరకదు. 'మందులు వేసుకున్నావా, కరెంటు బిల్లు కట్టారా' అన్నంతటితో సంభాషణ ముగుస్తుంది.

ఒక శనివారం ఏ పనీ పెట్టుకోకుండా మేమిద్దరం హైదరాబాద్ పాతబస్తీ చూసేందుకు బయల్దేరాం. 'బార్కస్ దాకానా? అక్కడేముంది?' అన్నారు తెలిసినవాళ్లు. పరిశుద్ధ దేశ యాత్ర కోసం ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టుకునే మనం, సొంత ఊళ్లో మూసీ దాటడానికి మాత్రం జంకుతాం!

ముందుగా సాలార్‌జంగ్ మ్యూజియం. 1951లో ప్రారంభమైన ఈ మ్యూజియంలో ఎవరైనా ఆగి చూసేది ముసుగు ధరించిన రెబెకా పాలరాతి శిల్పం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన దీన్ని 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నారు. రాతి ముసుగులోంచి ముఖం కనిపించేలా చెక్కిన ఆ పనితనానికి అందరూ అబ్బురపడతారు. ఆమె మన బైబిల్లోని రిబ్కాయేనని చాలామందికి తెలియదు. సాయంకాలం ఇస్సాకు ధ్యానించడానికి పొలంలోకి వెళ్లాడు. కన్నులెత్తి చూస్తే ఒంటెలు వస్తున్నాయి. రిబ్కా కూడా అతణ్ని చూసింది, ముసుగు వేసుకుంది. ఆ దంపతుల తొలిచూపు అదే (ఆది. 24). ఆ సాయంత్రం ఇస్సాకు పనుల హడావుడిలో తలమునకలై ఉంటే తలెత్తి చూసేవాడా?

అక్కణ్నుంచి 1591 నాటి చార్మినార్, లాడ్‌బజార్‌లో డజను గాజులు. తర్వాత ఆటోలో శాలిబండ, ఫలక్‌నుమా మీదుగా చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ చేరాం. నిజాం సైన్యంలో పనిచేసేందుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల కోసం ఇక్కడ బ్యారక్‌లు ఉండేవి. 'బ్యారక్స్' అన్న మాటే జనం నోళ్లలో నలిగి 'బార్కస్' అయింది. హద్రమౌత్‌ తీరంలోని ముకల్లాను 1967 వరకు ఏలిన సుల్తానుల వంశీకులు కూడా ఒకప్పుడు హైదరాబాద్‌ నిజాం కొలువులో జమేదార్లే. 1948 పోలీసు చర్యతో నిజాం సైన్యం పోయింది, అరబ్బు సిపాయిల ఉద్యోగాలూ పోయాయి. కానీ చాలా కుటుంబాలు ఇక్కడే నిలిచిపోయాయి. లుంగీలు కట్టుకుని రోడ్డు పక్కన కబుర్లాడుకునే పెద్దలు, గోధుమలూ మాంసమూ కలిపి గంటల తరబడి ఉడికించే హరీస్, అరబ్బీ మాటలు కలిసిన దక్కనీ ఉర్దూ ఆ పాత సంబంధాన్ని ఇంకా గుర్తుచేస్తాయి.

మరో సంగతి. ఆదికాండము 10వ అధ్యాయంలో యొక్తాను కుమారుల్లో హసర్మావెతు అనే పేరుంది. అది హద్రమౌతేనని బైబిల్ పండితులు చెబుతారు. ప్రాచీన కాలంలో సాంబ్రాణికి పేరుమోసిన నేల అది. వంశావళి అని మనం గబగబా దాటేసే పేర్లలో ఒక పేరు మన ఊరి వీధితో ముడిపడి ఉందన్నమాట!

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో మండీ తిన్నాం. ఒకే పెద్ద పళ్లెంలో అన్నం, దానిపై మాంసం. చుట్టూ కింద కూర్చుని అందరూ అందులోనే తినాలి. ఒకే పళ్లెంలో తిని మాకు ఎన్నేళ్లయిందో! లేవబోతుంటే గల్లా దగ్గరున్న పెద్దాయన 'ఆరామ్‌సే బైఠో, జల్దీ క్యా హై' అని మళ్లీ కూర్చోబెట్టారు. తినేముందు మేము కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకోవడం ఆయన గమనించినట్టున్నారు. తమ బంధువులు కొందరు హద్రమౌత్‌లో ఉన్నారని, యుద్ధం మొదలయ్యాక రాకపోకలు ఆగిపోయాయని చెప్పారు. 'మీరూ దువా చేయండి' అన్నారు. యెమెన్ 2014 నుంచి అంతర్యుద్ధంలో నలుగుతోందని వార్తల్లో ఎన్నిసార్లు చదివామో! ఆ రోజు ఆ వార్తకు ఒక ముఖం కనిపించింది. తిరుగు ప్రయాణంలో మేం మాట్లాడుకున్నది మందుల గురించి కాదు, ఆ పెద్దాయన గురించి. చాలాకాలానికి ఇద్దరం ఒకే విషయం కోసం ప్రార్థించాం.

అబ్రాహాము ఎండవేళ గుడారపు ద్వారం దగ్గర కూర్చుని ఉన్నాడు. అందుకే దారిన వచ్చే ముగ్గురు అపరిచితులు ఆయన కంటబడ్డారు. పరుగెత్తి ఎదురెళ్లి ఆతిథ్యమిచ్చాడు. ఆ భోజనం దగ్గరే శారాకు కుమారుడు పుడతాడన్న మాట ఆ దంపతులకు అందింది. భోజనానికైనా వ్యవధి లేనంతగా జనం ముసిరినప్పుడు యేసుప్రభువు తన శిష్యుల్ని ఏకాంత స్థలానికి తీసుకెళ్లాడు. అయితే అక్కడికీ జనం వస్తే విసుక్కోలేదు, కనికరపడ్డాడు. విశ్రాంతి అంటే మనుషుల్నుంచి పారిపోవడం కాదు, మనుషుల్ని చూడగలిగేలా కళ్లకు తెరిపినివ్వడం.

దూరదేశాల్లోని చారిత్రక నగరాలు చూసే స్తోమత అందరికీ ఉండదు. ఆటో చార్జీలు, ఒక పళ్లెం మండీ డబ్బులు చాలామందికి అందుబాటులోనివే. శుక్రవారం మ్యూజియానికి సెలవు కాబట్టి మరో రోజు చూసుకోండి. ఫోను జేబులో పెట్టి, భాగస్వామి చేయి పట్టుకుని బయల్దేరండి. పొరుగువాణ్ని ప్రేమించమన్న ఆజ్ఞ నెరవేరాలంటే ముందు పొరుగువాడి వీధి తెలియాలి కదా!