అంబాసిడరు, థారు

పాతదెల్ల మేలనువారును, క్రొత్తదెల్ల మేలనువారును అన్ని కాలములందును గలరు. ఈ వాదము నేడు మోటారు బండ్ల విషయమునను వినవచ్చుచున్నది. కొందరు అంబాసిడరు కారును దలచి నిట్టూర్చుచున్నారు. కొందరు థారు బండిని వాకిట నిలుపుటయే ఘనతగా నెంచుచున్నారు. రెండును ఈ దేశమున తయారైనవే కావున వాని తారతమ్యమును విచారించుట నిష్ప్రయోజనము కాదని తలచుచున్నాము.

ఆంగ్లేయుల మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనా ననుసరించి, పశ్చిమ వంగమందలి ఉత్తరపారా కర్మాగారమున 1950ల తుదిని మొదలై 2014 మే నెల వరకు అంబాసిడరు తయారైనది. విశాలమైన ఆసనములు, గతుకుల నోర్చు గట్టిదనము, చిన్న యూరి మెకానిక్కు సైతము బాగుచేయగల సులువైన యంత్రము దాని గుణములు. మంత్రులకును, పెండ్లివారికిని, కిరాయిదారులకును నదియే వాహనమై యుండెను. అయినను ఇంజను వెనుక చక్రములను మాత్రమే త్రిప్పును. నల్లరేగడిలో నవి దిగబడినచో ఎడ్లను దేవలసినదే.

2020లో వెలువడిన థారు నిర్మాణము వేరు. దృఢమైన చట్రముపై ప్రత్యేకముగా నమర్చిన దేహము, నాలుగు చక్రములకును శక్తి నందించు నేర్పాటు, బురదలో మెల్లగ, బలముగ లాగుటకు తక్కువ గేర్లు, నేలకు 226 మిల్లీమీటర్ల యెత్తు, 650 మిల్లీమీటర్ల లోతు నీటిని దాటు సామర్థ్యము దానికి గలవు. ప్రమాదమున ప్రాణము గాచు గాలిసంచులును గలవు. అయితే దానియందు నలుగురికే చోటు. వెనుక సీటున కెక్కుట వృద్ధులకు శ్రమ. 2024లో వచ్చిన ఐదు తలుపుల థారు రాక్స్ ఈ లోటును చాలవరకు దీర్చినది.

ఇంతకంటె ముఖ్యమైన భేద మొకటి గలదు. 1942లో హిందూస్థాన్ మోటార్సును, 1945లో మహీంద్రా సంస్థయు నేర్పడినవి. మొదటిది మారిస్ కారుతోను, రెండవది అమెరికా విల్లీస్ జీపుతోను, అనగా రెండును పరుల నమూనాలతోనే యారంభించినవి. విదేశపు పోటీనుండి రక్షణయు రెంటికిని లభించినది. అయినను 1983లో మారుతి 800 వచ్చిన పిమ్మటగూడ అంబాసిడరు రూపము మారలేదు. 1990లలో ఇసుజు ఇంజను నమర్చిరి గాని దేహము పాతదే. తుదకు 2017లో ఆ పేరే 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థకు అమ్ముడయ్యెను. జీపు భాగములను గూర్చుటతో మొదలిడిన సంస్థయో, జీపు పోలిక పూర్తిగా పోకున్నను, తన సొంత బండ్లను నిర్మించు స్థితికి వచ్చినది. రక్షణ పసిపైరుకు కంచె వంటిది. కంచె వేసి సేద్యము మానినవానికి పంట రాదు.

కొనువారికిని ఒక మాట. వానకాలమున డొంకదారిని పొలము చేరవలసిన రైతు థారును గొనుట యుక్తము. సిమెంటు వీధి దాటనివారు దర్పమునకై దానిని గొన్నచో ధనవ్యయమే గాక కీడును గలదు. దాని యెత్తైన ముందుభాగము దాపున నున్న పసిపిల్లలను నడుపువాని కంటికి మరుగు చేయును. పాత కారుపై మమకారము తప్పుగాదు. కాని ఈ నేలపై తయారగుట మాత్రముచే నొక వస్తువు చిరకాలము నిలువదనియు, ఏటేట మన నేర్పు దానియం దధికము కావలెననియు అంబాసిడరు చరిత్ర చాటుచున్నది. థారు నిర్మాతలును దీనిని మరువకుందురు గాక.