పునాది గొయ్యి తవ్వించే ముందు: గృహ యజమానులు పాటించవలసిన జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

స్వంత ఇంటి నిర్మాణం ఏ కుటుంబానికైనా జీవితకాలపు సంకల్పం. శంకుస్థాపనకు పంచాంగం చూపించి ముహూర్తం నిర్ణయించుకొనే యజమాని, ఆ మరునాడు తన స్థలంలోకి వచ్చే జె.సి.బి., ప్రొక్లెయినర్ల విషయంలో మాత్రం తగినంత విచారణ చేయడం లేదు. గంటకు ఎంత, ట్రిప్పుకు ఎంత అన్న ప్రశ్నలతోనే బేరం ముగిసిపోతున్నది. 2016 మే నెలలో గుంటూరు లక్ష్మీపురంలో భవన నిర్మాణానికి తవ్విన గోతిలో మట్టిపెళ్ళలు విరిగిపడి ఏడుగురు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. గోడలు లేవకముందే, శ్లాబు పడకముందే ప్రాణాపాయం పొంచి ఉండే దశ తవ్వకమేనని ఆ దుర్ఘటన గుర్తు చేస్తున్నది.

మట్టి ఎందుకు విరిగిపడుతుంది?

ఒక ఘనపు మీటరు మట్టి బరువు సుమారు ఒకటిన్నర నుండి రెండు టన్నుల వరకు ఉంటుంది. ఛాతీ వరకు మట్టిలో కూరుకుపోయిన వ్యక్తి, తల బయటనే ఉన్నప్పటికీ, ఆ ఒత్తిడి వలన ఊపిరి తీసుకోలేడు. నిలువుగా కోసిన మట్టిగోడ మొదటి రోజు గట్టిగానే కనిపిస్తుంది. ఎండకు తేమ తగ్గి బీటలు వారిన తరువాత, లేదా వాన నీరు ఆ బీటలలోకి దిగిన తరువాత, హెచ్చరిక లేకుండా కూలుతుంది. వేసవిలో కుంచించుకుపోయి వానకు ఉబ్బే నల్లరేగడి నేలలలో ఈ ప్రమాదం ఎక్కువ. పూడ్చిన బావులు, కుంటలు, చెత్త వేసి ఎత్తు చేసిన స్థలాలు మరింత బలహీనమైనవి. కావున తవ్వకానికి ముందే మట్టి పరీక్ష చేయించి, గొయ్యి లోతును, పక్కల వాలును ఇంజనీరుచే నిర్ణయింపజేసుకోవడం తప్పనిసరి.

గుత్తేదారుని ఎంపిక

తక్కువ రేటు ఒక్కటే ప్రాతిపదిక కారాదు. గుత్తేదారు ఇటీవల అదే ప్రాంతంలో తవ్విన రెండు మూడు స్థలాలను యజమాని స్వయంగా చూడాలి. ఇరుగుపొరుగు ఇళ్ళకు నష్టం కలిగినదా అని విచారించాలి. యంత్రం రిజిస్ట్రేషన్, బీమా పత్రాలను, ఆపరేటరు డ్రైవింగ్ లైసెన్సును పరిశీలించాలి. గోతిలో దిగే కూలీలకు ప్రమాద బీమా ఎవరు చేయిస్తారో ముందే తేల్చుకోవాలి.

ఒప్పందం నోటిమాటగా కాక కాగితంపై ఉండాలి. గొయ్యి పొడవు, వెడల్పు, లోతు, చెల్లింపు గంటలకా, కొలతకా, ట్రిప్పులకా అన్నది, రాయి తగిలితే వర్తించే రేటు, మట్టి వేయవలసిన చోటు, నష్టం జరిగితే బాధ్యత, ఇవన్నీ అందులో పేర్కొనాలి. కొలత విషయంలో ఒక ఉదాహరణ: 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు గల గొయ్యి 6,000 ఘనపుటడుగులు, అనగా 60 యూనిట్లు. తవ్విన మట్టి వదులై పొంగుతుంది. నాలుగవ వంతు పొంగినా టిప్పర్లకు ఎక్కేది 75 యూనిట్లు. ఈ తేడా తెలియకపోవడం వలననే చాలా చోట్ల చెల్లింపు సమయంలో తగవులు తలెత్తుతున్నాయి.

స్థలాన్ని సిద్ధం చేయడం

యంత్రం రాకముందే సర్వే చేయించి హద్దురాళ్ళు పాతించాలి. పొరుగువారి ప్రహరీని, గోడలను, అప్పటికే ఉన్న పగుళ్ళను వారి సమక్షంలోనే తేదీతో ఫొటోలు తీయించుకోవడం ఉభయులకూ మేలు. పక్క భూమి నుండి తన భూమికి సహజస్థితిలో లభించే ఆధారాన్ని 1882 నాటి భారత ఈజ్‌మెంట్స్ చట్టం ప్రతి భూ యజమానికీ హక్కుగా గుర్తించినది. అందుచేత హద్దు అంచు వరకు నిలువుగా తవ్వడం ప్రమాదకరమే కాక, న్యాయ వివాదానికి కూడా దారితీయవచ్చు.

నేల క్రింద మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, విద్యుత్ కేబుళ్ళు, గ్యాసు, టెలిఫోను లైన్లు ఉండవచ్చు. పురపాలక, విద్యుత్ సిబ్బందిని అడిగి వాటి మార్గాలను సున్నంతో గుర్తు పెట్టించాలి. తవ్వేవారికి, భూగర్భ లైన్లు గల సంస్థలకు మధ్య సమాచారం కొరకు 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ‘కాల్ బిఫోర్ యు డిగ్’ మొబైల్ యాప్‌ను ప్రారంభించినది. తల పైన ఉన్న విద్యుత్ తీగలనూ మరువరాదు. పైకెత్తిన ప్రొక్లెయినర్ చేయి గాని, టిప్పర్ తొట్టి గాని తీగలను తాకితే ప్రాణనష్టం సంభవిస్తుంది. చెట్లు తొలగించవలసి వస్తే 2002 నాటి వాల్టా చట్టం క్రింద అనుమతి పొందాలి. బండరాయిని పేల్చవలసి వస్తే పేలుడు పదార్థాల నియమాల ప్రకారం లైసెన్సు గలవారే ఆ పని చేయాలి. మట్టిని బయటకు తరలించి అమ్మదలచినవారు గనుల శాఖ అధికారులను ముందుగా సంప్రదించాలి.

తవ్వకం జరిగే రోజులలో

కేంద్ర ప్రజాపనుల శాఖ భద్రతా నియమావళి ఈ విషయంలో స్పష్టమైన కొలతలు ఇచ్చినది. 1.5 మీటర్లు, అంతకు మించిన లోతు గల కందకాల పక్కలను మెట్లుగా వెనుకకు కోసి తగిన వాలు ఇవ్వాలి, లేదా కలపతో గట్టిగా ఆనించాలి. తవ్విన మట్టిని అంచు నుండి 1.5 మీటర్లు లేదా లోతులో సగం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంత దూరం లోపల పోయరాదు. 1.2 మీటర్లు, అంతకు మించి లోతు ఉన్నచోట ప్రతి 30 మీటర్లకు ఒక నిచ్చెన ఉండాలి. తవ్వకం పై నుండి క్రిందకే సాగాలి. అడుగు భాగాన్ని తొలిచి పైమట్టిని కూలదోసే పద్ధతి నిషిద్ధం.

వాన పడిన తరువాత ఇంజనీరు పక్కలను పరిశీలించనిదే ఎవరినీ గోతిలోకి దింపరాదు. గొయ్యి చుట్టూ కంచె, రాత్రివేళ దీపం ఏర్పాటు చేయాలి. పనులు ఆగిపోయిన సెల్లారు గోతులలో వాన నీరు నిలిచి చిన్నారులు మునిగిపోయే ప్రమాదమున్నది. కావున వర్షాకాలానికి ముందే పునాది, రక్షణ గోడ పనులు ముగిసేలా కాలపట్టిక రూపొందించుకోవాలి.

అధికారులకు, పాత్రికేయులకు

తనిఖీకి వెళ్ళే అధికారి గాని, ప్రమాద వార్త సేకరించే విలేకరి గాని నాలుగు ప్రశ్నలు అడిగితే వాస్తవం చాలావరకు వెల్లడవుతుంది. పక్కలకు వాలు గాని, ఆనింపు గాని ఉన్నదా? మట్టి కుప్ప అంచుకు ఎంత దూరంలో ఉన్నది? దిగినవారు పైకి రావడానికి నిచ్చెన ఉన్నదా? ఆ రోజు కూలీలను గోతిలోకి దింపవచ్చునని చెప్పినది ఎవరు? ఈ నాలుగింటికీ సమాధానం లేనిచోట జరిగిన దుర్ఘటనను కేవలం దైవికమని సరిపెట్టుకొనుటకు వీలులేదు.

పనిని గుత్తేదారుకు అప్పగించినంత మాత్రాన యజమాని బాధ్యత తీరిపోదు. ఇల్లు ఎవరి కోసం కడుతున్నామో వారి క్షేమం ఎంత ముఖ్యమో, దాని పునాది కోసం గోతిలో దిగే కూలీ క్షేమం కూడా అంతే ముఖ్యమని గృహ యజమానులు గుర్తించగలరు.

(సమాచార, పౌర సంబంధాల శాఖచే జారీ చేయడమైనది)