దూరము – కాలము

దేశపటమును ముందుంచుకొని కొలబద్దతో రెండు ఊళ్ల నడిమి దూరమును కొలుచుట సులభము. కాని ఆ దూరమును దాటుటకు ఎంత కాలము పట్టునో కొలబద్ద చెప్పజాలదు. నడుమనున్న నేల యెట్టిదో, బాట యెట్టిదో, వాహన మెట్టిదో తెలిసినగాని ఆ లెక్క తేలదు.

హైదరాబాదునుండి అరకులోయకు బయలుదేరిన బాటసారి నొకనిని తలచుకొందము. హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు ఆకాశమార్గమున దూరము సుమారు 500 కిలోమీటర్లు. విమానము గంట పైచిలుకు కాలములో దీనిని దాటును. రైలుబండి అట్లు సూటిగా పోజాలదు. వరంగల్లు, విజయవాడ మొదలగు పట్టణములను కలుపుకొనుచు సుమారు 700 కిలోమీటర్లు నడచును. అందుకు ఒక రాత్రి ప్రయాణము పట్టును.

ఇక విశాఖపట్టణమునుండి అరకునకు పటముపై సరళరేఖ గీచి కొలిచినచో సుమారు 80 కిలోమీటర్లే. కాని రైలుమార్గము 130 కిలోమీటర్లవరకు నున్నది. ప్రయాణమునకు ఇంచుమించు నాలుగు గంటలు పట్టును. 500 కిలోమీటర్లకు గంట పైచిలుకు, 80 కిలోమీటర్లకు నాలుగు గంటలు! ఈ వింతకు కారణము తూర్పు కనుమలు.

విశాఖపట్టణము సముద్రతీరమున నున్నది. అరకు సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. దానికి ముందు వచ్చు శిమిలిగుడ స్టేషను ఎత్తు ఇంచుమించు 1000 మీటర్లు. ఇనుప పట్టాలపై ఇనుప చక్రము నునుపుగా దొర్లును గనుకనే రైలు పెద్ద బరువులను లాగగలుగుచున్నది. కాని ఎగువదారిలో ఆ నునుపే ఆటంక మగును. వాలు మిక్కుటమైనచో చక్రము జారును. 60 మీటర్లు నడచి ఒక మీటరు చొప్పున పైకెక్కు బండి, 1000 మీటర్ల ఎత్తు చేరుటకు 60 కిలోమీటర్లు నడవవలెను గదా! అందువలన ఈ మార్గము కొండలను చుట్టుచు, లోయలను వంతెనలతో దాటుచు, బొర్రాగుహల చెంతగా పోవుచున్నది. బైలదిల్లా గనుల ఇనుపఖనిజమును విశాఖరేవునకు తెచ్చి జపానునకు పంపుటకై 1960వ దశకములో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గమును నిర్మించిరి. అందుకై కొండలలో యాబదికి పైగా సొరంగములు తొలిచిరి.

యాత్రికునకు ఈ ఆలస్యము వినోదము. కొండవాసులకు అట్లు కాదు. కొండలలో బాట చేరని గూడెములు ఇప్పటికిని కలవు. అచట రోగినిగాని, నిండు గర్భిణినిగాని డోలీలో కూర్చుండబెట్టి, మనుష్యులు భుజములపై మోసికొని, అంబులెన్సు నిలుచు చోటికి చేర్చవలెను. వానకాలమున గెడ్డ పొంగినచో, అది తగ్గువరకు ఆవలి యొడ్డు చేరుట దుస్తరము. పటముపై పది కిలోమీటర్లే యైనను, పాము కరచినవానికి ఆ పూట గడచుటయే గండము.

బాట వేసినను కొండ ఎత్తు తగ్గదు. వంతెన కట్టినను గెడ్డ వెడల్పు తగ్గదు. తగ్గునది కాలము. ఆ తగ్గిన కాలమే ఒక్కొక్కప్పుడు ఒక నిండు ప్రాణము. కావున బాలలారా, పటమును చూచునప్పుడు ఊరు ఎంత దూరమని మాత్రమే గాక, అచటివారు వైద్యుని చేరుటకు ఎంత కాలము పట్టునని కూడ అడుగుడు.