ఉప్మాలో జీడిపప్పు తప్పనిసరా?

ఉప్మాకి రవ్వ కావాలి. జీడిపప్పు ఉంటే బాగుంటుంది, లేకపోయినా ఉప్మా ఉప్మానే. ఈ చిన్న తేడా మీద లైనక్స్ వాళ్లు కమిటీలు కూర్చోబెట్టి మరీ వాదించుకున్నారంటే నమ్ముతారా?

ఫోన్లో మనకీ గొడవ కనిపించదు. యాప్ తనకు కావాల్సిన సరంజామా చాలావరకు తనతోనే మోసుకొస్తుంది. లైనక్స్ డెస్క్‌టాప్‌లో అలా కాదు. ఒక ప్రోగ్రామ్ ఇంకో నాలుగు ప్యాకేజీల మీద ఆధారపడుతుంది, అవి మరో పదింటి మీద. వీటినే డిపెండెన్సీలు అంటారు. డెబియన్‌లో వీటికి మూడు మెట్లు. ‘డిపెండ్స్’ అంటే అది లేనిదే ఇన్‌స్టాలే అవదు. ‘రెకమెండ్స్’ అంటే మామూలుగా అందరి దగ్గరా ఉండాల్సిందే, కానీ వద్దనుకునే హక్కు మీది. ‘సజెస్ట్స్’ అంటే, ఇదొకటుంది, కావాలంటే చూసుకోండి అని.

నా పాత ల్యాప్‌టాప్‌లో స్టోరేజీ 32 జీబీయే. అందుకే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వేసుకున్నా. దాని ఫైల్ మేనేజర్ పేరు థూనార్. ఫొటోలకు థంబ్‌నెయిల్స్ తయారుచేసే పని థూనార్ తను పెట్టుకోదు, టంబ్లర్ అనే వేరే సర్వీసుకి చెబుతుంది. టంబ్లర్ లేదా? మామూలు ఐకాన్ చూపించి ఊరుకుంటుంది. క్రాష్ అవదు, అలగదు. వాటి మధ్య మాటలు డీ-బస్ అనే దారిలో నడుస్తాయి. అవతల ఎవరూ పలకకపోతే థూనార్ తన పని తాను చూసుకుంటుంది. ఐచ్ఛికం అంటే ఇలా ఉండాలనిపిస్తుంది నాకు.

అదే థూనార్‌లో ఇంకో కథ ఉంది. ట్రాష్, నెట్‌వర్క్ ఫోల్డర్లు, పెన్‌డ్రైవ్‌లు తెరవడం... ఇవన్నీ జీవీఎఫ్‌ఎస్ అనే ప్యాకేజీ చలవ. ఆర్చ్ లైనక్స్‌లో అది ఐచ్ఛికాల జాబితాలో ఉంటుంది. అది లేకపోయినా థూనార్ భేషుగ్గా తెరుచుకుంటుంది. కానీ ట్రాష్ ఉండదు, డిలీట్ కొడితే ఫైల్ పోయినట్టే. జీడిపప్పే కదా అని తీసేస్తే ఉప్పు కూడా పోయిందన్నమాట!

మరి అన్నీ తప్పనిసరి చేసేస్తే? 2012లో డెబియన్‌లో జరిగింది అదే. గ్నోమ్-కోర్ అనే మూట ప్యాకేజీ, వైఫై వగైరా చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్‌ని ‘డిపెండ్స్’లో పెట్టేసింది. దాన్ని కావాలనే తీసేసి, నెట్ కనెక్షన్ సొంతంగా సెట్ చేసుకున్నవాళ్లున్నారు. అప్‌గ్రేడ్ చేస్తే అది మళ్లీ ఇంట్లోకి వచ్చేస్తుంది, ఉన్న నెట్ కూడా పోవచ్చు. వ్యవహారం డెబియన్ టెక్నికల్ కమిటీ దాకా వెళ్లింది. ‘రెకమెండ్స్’కి తగ్గించండని కమిటీ తీర్పు చెప్పింది. ప్యాకేజీ చూసుకునేవాళ్లు గ్నోమ్-కోర్‌లో తగ్గించారు, కానీ ‘గ్నోమ్’ అనే పెద్ద మూటలో అదే తప్పనిసరిని పెట్టారు. పంచాయితీ మళ్లీ మొదలు.

వాళ్లది ఉత్త మొండితనం అనను. ఒక యాప్‌లో పది ఐచ్ఛిక భాగాలుంటే, ఉన్నవీ లేనివీ కలిపి 1024 రకాల కాంబినేషన్లు వస్తాయి. అన్నీ టెస్ట్ చేసేదెవరు? ఎక్కడో ఒకరి కంప్యూటర్‌లో ఏదో లేక బటన్ పనిచేయకపోతే తిట్లు పడేది మాత్రం యాప్ రాసినవాళ్లకే. ఎక్కువమంది జీతం లేకుండా, సొంత టైమ్‌లో రాసేవాళ్లు. జెంటూ లినక్స్ వాళ్లయితే ఈ తలనొప్పిని యూజర్ చేతికే ఇచ్చేశారు. యూజ్ ఫ్లాగ్స్‌తో ఏది కావాలో, ఏది వద్దో మీరే చెప్పి కంపైల్ చేసుకోవాలి. ఓపికున్నవాళ్లకి స్వర్గం.

డెబియన్, ఉబుంటులో మామూలుగా ‘రెకమెండ్స్’ కూడా వాటంతటవే దిగిపోతాయి. మొబైల్ డేటా మీద నడిపేవాళ్లకి, చిన్న డిస్క్ ఉన్నవాళ్లకి ఇది చేతి చమురే. ఆపేయొచ్చు. ఆపేశాక ఏది ఇన్‌స్టాల్ చేసినా, వదిలేసిన సిఫార్సుల జాబితా స్క్రీన్ మీద వస్తుంది. వై నొక్కే ముందు ఆ నాలుగు పేర్లూ చదవండి. నేను ఆపేసే ఉంచాను, జీవీఎఫ్‌ఎస్ మాత్రం విడిగా వేసుకున్నా.