అన్ని ఆటలకు ఒకే యంత్రం సాధ్యమా?

వేసవి సెలవులకు ముందు డిగ్రీ ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకరు మా వద్దకు వచ్చి, "సార్, మా చిన్నాన్న చిన్నతనంలో ఆడుకున్న టీవీ ఆటల పెట్టె అటక మీద దొరికింది. క్యాసెట్లు ఉన్నాయి కాని పెట్టె పనిచేయడం లేదు. ఆ ఆటలను కంప్యూటరులో ఆడాలంటే ఒక్కొక్క రకం పెట్టెకు ఒక్కొక్క ప్రోగ్రాము కావాలంటున్నారు. అన్నింటికీ కలిపి ఒక్కటే ఉండకూడదా?" అని అడిగారు. సాహిత్యం బోధించుకునే మాకు ఈ ప్రశ్న మొదట వినోదంగా తోచింది. తరువాత ఆలోచించగా, ఇది ఆటలకు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదనీ, మన కళాశాల వార్షిక సంచికకు కూడా సంబంధించినదేననీ తెలిసివచ్చింది. ఈ వ్యాసానికి అదే కారణం.

ముందుగా ఆ పెట్టె సంగతి. జపానుకు చెందిన నింటెండో సంస్థ 1983 జూలైలో ఫ్యామికాం అనే ఆటల యంత్రాన్ని విడుదల చేసింది. 1990 తరువాతి సంవత్సరాలలో మన పట్టణాలలో రకరకాల పేర్లతో అమ్ముడుపోయిన పెట్టెలలో అనేకం దానికి నకళ్ళే. దాని ప్రాసెసరు గడియారం సెకనుకు సుమారు 18 లక్షల సార్లు కొట్టుకుంటుంది. పని చేసుకోవడానికి దానికున్న జ్ఞాపకశక్తి కేవలం 2 కిలోబైట్లు. ఈ వ్యాసంలోని ఒక పెద్ద పేరాను దాచుకోవడానికి కూడా అది చాలదు. క్యాసెట్టులో ఉన్నవి బొమ్మలు మాత్రమే కావు, ఆజ్ఞలు. ఆ ఆజ్ఞలు ఆ రకం ప్రాసెసర్లకు మాత్రమే తెలిసిన భాషలో ఉంటాయి. నేటి కంప్యూటరు ఎంత శక్తిమంతమైనదైనా దానికి ఆ భాష రాదు.

ఇక్కడ అవసరమయ్యేదే ఎమ్యులేటర్. దానిని మనం దుబాసీ అనవచ్చును. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన ప్రాంగణంలో దుబాసీ అంటే ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు. పాత యంత్రానికి ఉద్దేశించిన ఒక్కొక్క ఆజ్ఞను చదివి, దాని భావాన్ని కొత్త యంత్రానికి తెలిసిన మాటలలో చెప్పి, ఫలితాన్ని తిరిగి పాత పద్ధతిలో అప్పగించడమే దాని పని. ఆట మాత్రం తాను ఇంకా పాత పెట్టెలోనే ఉన్నానని భావిస్తూ నడుస్తుంది.

ఈ ఆలోచన ఆటలతో పుట్టినది కాదు. ఒక యంత్రం చేసే పనిని మరొక యంత్రం వర్ణన చూసి చేయగలదని బ్రిటిషు గణితవేత్త ఆలన్ ట్యూరింగ్ 1936లోనే సిద్ధాంతరీత్యా నిరూపించారు. 1964లో ఐబీఎం సంస్థ సిస్టం 360 అనే కంప్యూటర్ల శ్రేణిని ప్రకటించినప్పుడు ఒక చిక్కు వచ్చింది. అప్పటికే వేలాది కార్యాలయాలు 1401 వంటి పాత యంత్రాల కోసం జీతాల పట్టీలు, జమాఖర్చుల ప్రోగ్రాములు వ్రాయించుకొని ఉన్నాయి. వాటన్నింటినీ పారవేయమంటే కొత్త యంత్రాన్ని ఎవరు కొంటారు? అందువల్ల కొత్త యంత్రం పాతదాని వలె నడచుకొనే ఏర్పాటు చేశారు. ఎమ్యులేటర్ అనే మాట ఆ రోజులలో ఆ సంస్థ ఇంజనీర్ల నుండి వచ్చినదే.

మరి అన్నింటికీ ఒక్క దుబాసీ ఎందుకు చాలడు? భాషలు పెక్కు కావడం మొదటి కారణం. 1988లో వచ్చిన సేగా మెగా డ్రైవ్‌లో రెండు వేర్వేరు ప్రాసెసర్లు ఏకకాలంలో పనిచేస్తాయి. 1994లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ నిర్మాణం పూర్తిగా మరొక తీరుది. రెండవ కారణం ఇంతకంటె కఠినమైనది. భావం చెబితే చాలదు, లయ కూడా తప్పకూడదు. నాటి ప్రోగ్రాము రచయితలు టీవీ తెరపై ఒక్కొక్క గీత పడే కాలాన్ని లెక్కించి, ఆ మధ్యలో రంగులు మార్చేవారు. ఒక్క స్పందన తేడా వస్తే బొమ్మ వణుకుతుంది, లేదా ఆట నిలిచిపోతుంది. ముషాయిరాలో గజల్‌ను అనువదించేవాడు అర్థంతో పాటు బహర్‌ను కూడా నిలపవలసి వచ్చినట్లే ఇది. 1990లో వచ్చిన సూపర్ ఫ్యామికాం ప్రాసెసరు గరిష్ఠ వేగం 3.58 మెగాహెర్ట్జ్. దానిని పూర్తి నిష్ఠతో అనుకరించడానికి దాదాపు 3 గిగాహెర్ట్జ్ కంప్యూటరు అవసరమని బీఎస్‌నెస్ అనే ఎమ్యులేటర్ రచయిత 2011లో వివరించారు. అంటే అసలు యంత్రం కంటె 800 రెట్లకు పైగా వేగం కావాలన్నమాట.

అయినప్పటికీ సర్వసమగ్ర యంత్రం కోసం రెండు మార్గాలలో గట్టి ప్రయత్నాలు జరిగాయి. మొదటిది మేమ్ మార్గం. 1997 ఫిబ్రవరిలో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా దీనిని ప్రారంభించారు. నాణెం వేసి ఆడే పెద్ద ఆటల యంత్రాలు దీని మొదటి లక్ష్యం. ఇంటి యంత్రాలకు, పాత కంప్యూటర్లకు ఉద్దేశించిన మెస్ అనే సోదర ప్రోగ్రాము 2015లో దీనిలో విలీనమైంది. జెడ్80 అనే ప్రాసెసరును ఒక్కసారి చక్కగా వర్ణిస్తే, అది ఉన్న యంత్రాలన్నింటికీ ఆ వర్ణన పనికివస్తుందన్నది ఇందులోని సూత్రం. పాత యంత్రాల నిర్మాణాన్ని భద్రపరచడమే తమ ధ్యేయమనీ, ఆట ఆడగలగడం దాని ఫలితమనీ ఈ ప్రోగ్రాము కర్తలు చెబుతారు.

రెండవది 2012 నుండి రెట్రోఆర్చ్ పేరుతో ప్రసిద్ధమైన మార్గం. ఇది స్వయంగా ఏ యంత్రాన్నీ అనుకరించదు. తెర, ధ్వని, మీటలు, ఆటను మధ్యలో దాచుకొనే సౌకర్యం వంటి ఉమ్మడి పనులను తాను చూసుకొని, అనుకరణను మాత్రం వేర్వేరు వ్యక్తులు వ్రాసిన 'కోర్'లకు అప్పగిస్తుంది. మన కొవ్వూరు వారికి ఇది సులభంగా బోధపడుతుంది. 1974లో మనకూ రాజమహేంద్రవరానికీ మధ్య ప్రారంభమైన వంతెనను చూడండి. పైన రోడ్డు, క్రింద రైలు పట్టాలు. మార్గాలు వేరు, నియమాలు వేరు. గోదావరిలో నిలిచి రెండింటినీ మోసే స్తంభాలు ఒక్కటే. రైలును రోడ్డు మీదికి ఎక్కించడం ఐక్యత కాదు. ఒక్కొక్కదానికి దాని మార్గాన్ని ఉంచి, మోసే భారాన్ని కలపడమే ఐక్యత. అన్నింటికీ ఒకే యంత్రమనే కోరిక ఈ రూపంలోనే బాగా నెరవేరిందని మా అభిప్రాయం. ఇందులోనూ లోపం లేకపోలేదు. ఏదైనా కోర్ చెడితే, నిందించవలసినది వంతెననో పట్టాలనో సామాన్యునికి అర్థం కాదు.

న్యాయం మాట కూడా చెప్పుకోవాలి. ఎమ్యులేటర్ వేరు, ఆట ప్రతి వేరు. అనుకరణ యంత్రాన్ని తయారుచేయడానికి అసలు ప్రోగ్రామును శోధించడం తప్పు కాదని సోనీ, కనెక్టిక్స్ సంస్థల వ్యాజ్యంలో 2000లో అమెరికా అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను, ప్రోగ్రామును న్యాయంగా పొందినవారు రక్షణార్థం ప్రతి తీసుకొనడాన్ని అనుమతిస్తున్నది. ఇతరుల ఆటలను నకలు తీసి పంచిపెట్టడానికి మాత్రం అది అనుమతి కాదు. అయితే మరొక వైపు కూడా చూడవలసి ఉన్నది. అమెరికాలో 2010కి పూర్వం విడుదలైన ఆటలలో 87 శాతం నేడు అంగడిలో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. కొనడానికి దొరకనిదానిని భద్రపరిచేది ఎవరు? పరుల హక్కును కాపాడుతూనే అమానత్‌ను భద్రపరచడం ఎలాగన్నది ఇంకా పరిష్కారం కాని సమస్య.

ఇప్పుడు మన ఇంటి విషయానికి వద్దాం. కీర్తిశేషులైన మన పూర్వ ఉర్దూ అధ్యాపకుని నజ్మ్‌ను ఈ సంచికలో తిరిగి ప్రచురించాలని సంకల్పించాము. అచ్చు ప్రతిని చెదలు తిన్నది. పాత సీడీలో ఫైలు దొరికింది, కాని తెరిస్తే అక్షరాలు లేవు, చిందరవందర గుర్తులు మాత్రమే. 1994లో ఇన్‌పేజ్ వచ్చిన తరువాత కాతిబుల కలం స్థానంలో ఉర్దూ కంప్యూటరు కూర్పు వ్యాపించింది. తెలుగు పుటలు పేజ్‌మేకర్‌లో, ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు గీతలు పెట్టిన నాటి ఫాంట్లతో తయారైనవి. ఆ ఫాంటు, ఆ ప్రోగ్రాము లేనిదే అవి నేడు తెలుగుగా కనిపించవు. మన నజ్మ్ పరిస్థితి అటక మీది క్యాసెట్టు పరిస్థితియే! చివరకు ఆ విద్యార్థియే, 2003లో ఫాబ్రిస్ బెలార్ విడుదల చేసిన క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో పాత కంప్యూటరును నిలబెట్టి, మా బీరువాలో మిగిలిన పాత ప్రోగ్రామును అందులో ఎక్కించారు. నస్తాలీఖ్ వంపులతో ఆ నజ్మ్ తెరపై వెలిసినప్పుడు మాకు నోట మాట రాలేదు.

కనుక కళాశాల కమిటీ వారికి మా విన్నపం ఇది. పాత సంచికల సీడీలను, ఫ్లాపీలను ఈ సంవత్సరమే సేకరించి, మార్పు చేయకుండా నకళ్ళు తీయించండి. గ్రంథాలయంలోని ఒక కంప్యూటరులో పాత యంత్రాన్ని అనుకరించే ఏర్పాటు ఉంచండి. ప్రతి రచనను తెలుగు, ఉర్దూ లిపులు రెండింటికీ చోటున్న యూనికోడ్‌లోకి మార్పించండి. తప్పులు దిద్దడానికి తెలుగుకు తెలుగు విద్యార్థులను, ఉర్దూకు ఉర్దూ విద్యార్థులను నియమించండి. స్తంభాలు ఒక్కటే, మార్గాలు రెండు. విద్యార్థులారా, మీ ఇంటి అటకల మీద కూడా ఒకసారి చూడండి. ఆనాటి కూర్పరులు, యంత్రాలు ఎరిగినవారు మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి. వారు వెళ్ళిపోయిన తరువాత ఫైలు ఉన్నా చదివేవారు ఉండరు.