పాత కేసెట్లు – కొత్త రూపాలు : ఒక వివేచన

మానవుడు తన జ్ఞాపకాలను పదిలపరచుకొనటానికి ప్రతి యుగంలోనూ ఏదో ఒక సాధనాన్ని ఆశ్రయించాడు. శిల, తామ్రపత్రం, తాళపత్రం, కాగితం – ఇదీ ఆ వరుస. ఇరవయ్యవ శతాబ్దం ఆ వరుసకు కదిలే బొమ్మను చేర్చింది. అయితే సాధనం నూతనమైన కొలదీ దాని ఆయుర్దాయం తగ్గుతూ రావటం విచిత్రం. కరీంనగర్ ప్రాంతపు కుర్క్యాలలో, బొమ్మలగుట్ట మీద, పంపకవి సోదరుడైన జినవల్లభుడు పదవ శతాబ్దంలో చెక్కించిన శాసనంలోని తెలుగు కందపద్యాలను నేటికీ చదువుకోగలుగుతున్నాం. దానికి లిపిజ్ఞానం ఒక్కటి చాలు. అదే ప్రాంతంలో 1990లో తీసిన ఒక పెండ్లి కేసెట్‌ను నేడు చూడాలంటే కన్నులు చాలవు, చదువు చాలదు. దానిని ఆడించే యంత్రం కావాలి. ఆ యంత్రమే కరువైపోయింది.

ఈ స్థితిలో అనేక గృహాలలో వినిపించే ప్రశ్న ఒకటి: ఇంట్లో కూడిన పాత చిత్రసంపదను కొత్త రూపంలోకి మార్చుకొనటం అవసరమా? దానికి పెట్టే ధనానికి, కాలానికి తగిన ప్రతిఫలం ఉంటుందా? ఈ ప్రశ్నను కొంత శాస్త్రీయంగా పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉత్తర తెలంగాణలో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకత ఉంది. 1970వ దశకం నుండి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల వారు వేల సంఖ్యలో జీవనోపాధికై గల్ఫ్ దేశాలకు తరలిపోయారు. సెలవులకు వచ్చినప్పుడు వారు తెచ్చిన వస్తువులలో టేప్‌రికార్డరు, ఆ తరువాత వి.సి.ఆర్. ముఖ్యమైనవి. ఉత్తరం వ్రాయలేనివారు తమ గొంతును ఆడియో కేసెట్‌లో నింపి పంపుకొన్నారు. చెల్లెలి నికాహ్‌కు రాలేకపోయిన అన్నకు ఆ వేడుక వీడియో కేసెట్ రూపంలో సముద్రాలు దాటి చేరింది. కనుక మన ఇండ్ల బీరువాలలో కేసెట్లు విలాసానికి గుర్తులు మాత్రమే కావు. ఎడబాటుకు సాక్ష్యాలు కూడా.

ఆ బీరువాలను తెరిచి చూస్తే రెండు రకాల చిత్రాలు కనిపిస్తాయి. ఒకటి, అంగడిలో కొన్న సినిమాలు. రెండు, మనవాళ్లు మన కోసం తీయించుకొన్న దృశ్యాలు: పెండ్లి, వలీమా, పిల్లల అక్షరాభ్యాసం, కళాశాల వార్షికోత్సవం, ఊరి ముషాయిరా. ఈ రెండింటికీ ఒకే సమాధానం చెప్పటం వల్లనే చాలామంది పొరపడుతున్నారు. మొదటి దాని మీద అనవసరంగా ఖర్చు చేసి, రెండవ దానిని చెదలకు, బూజుకు వదిలివేస్తున్నారు.

రూపాల పరిణామం

ఇండ్లలో చలనచిత్రం తీసుకొనటానికి 8 మి.మీ. ఫిల్ము 1932లోను, దాని మెరుగైన రూపమైన సూపర్ 8 ఫిల్ము 1965లోను వచ్చాయి. మన ప్రాంతంలో ఇవి సంపన్నుల ఇండ్లకే పరిమితం. 1976లో జపాన్‌లో వెలువడిన వి.హెచ్.ఎస్. కేసెట్ మాత్రం సామాన్యుల ముంగిటికి వచ్చింది. మూడు గంటల కేసెట్‌లో అర అంగుళం వెడల్పు గల టేపు సుమారు 250 మీటర్లు ఉంటుంది. దాని మీది చిత్రం అడ్డంగా సుమారు 240 గీతల సూక్ష్మతను మాత్రమే చూపగలదు. తరువాత 1993లో వీడియో సి.డి., 1996లో డి.వి.డి., 2006లో బ్లూరే, 2016లో అల్ట్రా హెచ్.డి. బ్లూరే వచ్చాయి. వీటి తారతమ్యం తెలియటానికి ఒక్కొక్క చిత్రంలో ఉండే బిందువులను లెక్కించటం సులభమార్గం. మన దేశపు టెలివిజన్ పద్ధతిలో వీడియో సి.డి. చిత్రంలో సుమారు 1 లక్ష బిందువులు, డి.వి.డి.లో సుమారు 4 లక్షల 15 వేలు ఉంటాయి. బ్లూరేలో 20 లక్షల 73 వేలు, అల్ట్రా హెచ్.డి.లో దాదాపు 83 లక్షలు.

ఈ సంఖ్యలు చూడగానే కొత్త రూపమే మేలని తోచటం సహజం. ఇక్కడే ఒక సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. చెంబులోని నీటిని గంగాళంలో పోసినంత మాత్రాన నీరు పెరగదు. కెమెరా మొదట గ్రహించినది ఎంతో, ఎన్ని రూపాలు మార్చినా దానికి మించినది రాదు. 240 గీతల కేసెట్‌ను అల్ట్రా హెచ్.డి.లోకి మార్పించితే ఫైలు బరువు పెరుగుతుంది గాని పెండ్లికూతురి ముఖం స్పష్టం కాదు.

కొన్న సినిమాల సంగతి

సినిమా విషయంలో నీరు చెంబులో లేదు, చెరువులో ఉంది. 35 మి.మీ. ఫిల్ము మూలప్రతిలో వీడియో కేసెట్ చూపినదాని కంటె ఎన్నో రెట్లు సూక్ష్మవివరం దాగి ఉంటుంది. ఆ మూలప్రతిని మరల యంత్రంతో చదివి తయారుచేసిన కొత్త ప్రతి కొనదగినదే. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ మూలప్రతి 1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలి దెబ్బతిన్నది. మిగిలిన భాగాలను నిపుణులు బాగుచేసి, లభించని చోట ఇతర ప్రతుల నుండి పూరించి, 2015లో నూతన ప్రతిని ప్రజల ముందుంచారు. పాత కేసెట్‌లో ఆ చిత్రాన్ని చూసినవారికి ఈ ప్రతి కొత్త చిత్రం చూసినట్లే ఉంటుంది.

కాని పాత వీడియో ప్రతినే సాగదీసి కొత్త అట్టలో పెట్టి అమ్మే పళ్లేలు కూడా ఉన్నాయి. కాబట్టి కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకొనటం మంచిది. ఇది మూల ఫిల్ము నుండి తీసినదేనా? దీనిని నేను మరల మరల చూస్తానా? రెండింటికీ ‘అవును’ అని సమాధానం వచ్చిన చిత్రాలు ఏ ఇంట్లోనైనా కొన్నే ఉంటాయి. వాటిని మాత్రం మార్చుకొంటే చాలు. చిన్న టెలివిజన్‌ను గదికి ఆ చివర నుండి చూసేవారికి డి.వి.డి.కి, బ్లూరేకి గల భేదం అంతగా తెలియదు కూడా. తక్కిన సినిమాలను కాపాడే భారం ముఖ్యంగా వాటి నిర్మాతలది, ప్రభుత్వ చిత్రాగారాలది. వారు సైతం ఏమరుపాటుగా ఉంటే ఏమవుతుందో ‘ఆలం ఆరా’ తెలుపుతుంది. 1931లో వెలువడిన ఆ తొలి భారతీయ టాకీకి నేడు తెలిసిన ప్రతి ఒక్కటీ లేదు.

మనం తీయించుకొన్న దృశ్యాల సంగతి

రెండవ రకానికి వస్తే సమస్య స్వరూపమే మారిపోతుంది. ఇక్కడ నిర్మాత లేడు, చిత్రాగారం లేదు, మరొక ప్రతి లేదు. బీరువాలో ఉన్నదే మూలం. కాబట్టి ఇక్కడ అడగవలసినది ‘బొమ్మ మెరుగవుతుందా?’ అని కాదు, ‘బొమ్మ మిగులుతుందా?’ అని.

కేసెట్‌లోని టేపు పాలియెస్టర్ పట్టీ. దాని మీద అయస్కాంత గుణం గల ఇనుప ఆక్సైడ్ పొడిని ఒక రకపు జిగురుతో అంటిస్తారు. వానకాలపు తేమకు ఆ జిగురు మెత్తబడుతుంది, బూజు పడుతుంది. వేసవిలో 45 డిగ్రీలకు చేరే మన ఎండలకు పట్టీ వంకరలు పోతుంది. ఈ రెండు ఋతువులనూ ముప్పై సార్లు దాటిన కేసెట్ ఇంకా ఆడుతున్నదంటే అది దాని అదృష్టం. యంత్రాల సంగతి ఇంకా విషమం. వి.సి.ఆర్.లను తయారుచేస్తూ వచ్చిన చివరి సంస్థ, జపాన్‌కు చెందిన ఫునాయి, 2016 జూలైలో ఆ పని మానివేసింది. నాటి నుండి ప్రపంచంలో ఉన్న వి.సి.ఆర్.ల సంఖ్య తగ్గటమే గాని పెరగటం లేదు. వాటిని బాగుచేయగల మెకానిక్కులూ వృద్ధులవుతున్నారు.

పోయేది ఏమిటో ఆలోచించండి. మధ్యమానేరు జలాశయం నిండిన తరువాత కొదురుపాక, వరదవెల్లి వంటి గ్రామాల పాత వీధులు నీటి అడుగున ఉండిపోయాయి. ఆ వీధుల గుండా సాగిన ఒక బరాత్ ఎవరి కేసెట్‌లోనైనా ఉంటే, ఆ ఊరు నడుస్తూ, మాట్లాడుతూ కనిపించే చోటు అదే. దుబాయిలోనో జెద్దాలోనో ఆయుష్షంతా గడిపి, అక్కడే కన్నుమూసిన తండ్రి కంఠం ఆయన పంపిన ఆడియో కేసెట్‌లో తప్ప మరెక్కడా లేకపోవచ్చు. అటువంటి దానికి వెల కట్టి, లాభనష్టాలు బేరీజు వేయటం తగదు.

మన జిల్లాలకు సంబంధించిన ఒక విద్వాంసుని సేకరణ ఇందుకు మంచి నిదర్శనం. ఆస్ట్రియాలో జన్మించిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940వ దశకంలో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో నివసించి గోండుల జీవితాన్ని అధ్యయనం చేశారు. పరిశోధన సాగించిన కాలంలో ఆయన 16 మి.మీ. ఫిల్ము మీద చిత్రాలు కూడా తీశారు. ప్రధానంగా హిమాలయ ప్రాంతాలకు చెందిన ఆయన ఫిల్ముల సేకరణను, 2000లో కేంబ్రిడ్జిలో ఆరంభమైన ‘డిజిటల్ హిమాలయ’ ప్రణాళిక కంప్యూటర్ రూపంలోకి మార్చింది. ఒక మనిషి తన పని కోసం తీసుకొన్న చిత్రాలు ఈ విధంగా ఆయా జాతుల వారికే తమ పూర్వుల ముఖాలను చూపించే సాధనాలయ్యాయి.

ఆచరణ విధానం

ముందుగా కేసెట్ కిటికీలోంచి టేపును పరిశీలించాలి. తెల్లని పొడి వంటి బూజు కనిపిస్తే దానిని యంత్రంలో పెట్టరాదు; హెడ్ పాడవటమే గాక, ఆ బూజు తరువాత పెట్టే కేసెట్లకు అంటుతుంది. అట్టి కేసెట్‌ను శుభ్రపరచటం తెలిసినవారికి అప్పగించాలి. బాగున్న కేసెట్‌ను ఒకసారి చివరిదాకా తిప్పి, వెనుకకు చుట్టి, ఆ తరువాత ఎక్కించాలి. మూడు గంటల కేసెట్‌కు మూడు గంటలు పడుతుంది; ఇందులో దగ్గరదారి లేదు. డి.వి. అనే పద్ధతిలో గంట దృశ్యానికి సుమారు 13 గిగాబైట్ల చోటు కావాలి. అనగా వేయి గిగాబైట్ల హార్డ్‌డిస్క్‌లో మూడు గంటల కేసెట్లు ఇరవైఅయిదు వరకు పడతాయి.

చాలామంది ఇదివరకే తమ కేసెట్లను వీడియో సి.డి.లుగా మార్పించుకొని నిశ్చింతగా ఉన్నారు. వీడియో సి.డి. కేసెట్‌లోని వివరాన్ని కొంత వదిలివేస్తుంది. కనుక మూల కేసెట్ ఇంకా ఉన్నవారు ఆ సి.డి.ని కాక కేసెట్‌నే మరల ఎక్కించుకోవాలి. పని ముగిసిన తరువాత కూడా కేసెట్‌ను పారవేయరాదు.

ఇటీవల కృత్రిమ మేధ సహాయంతో మసక ముఖాలను మెరుగుపరచే సాధనాలు వచ్చాయి. అవి లేని వివరాన్ని ఊహించి పూరిస్తాయి. ఆ విధంగా తయారైన ముఖం అందంగా ఉండవచ్చు గాని, అది మన నానమ్మ ముఖమేనన్న హామీ లేదు. ముచ్చట తీర్చుకొనటానికి వేరొక ప్రతి మీద ప్రయోగించవచ్చు. మూలప్రతిని మాత్రం తాకరాదు.

మరొక ముఖ్యవిషయం మర్యాదకు సంబంధించినది. పెండ్లి కేసెట్లలో స్త్రీల విభాగంలో తీసిన దృశ్యాలుంటాయి. వాటిని అపరిచితుల చేతికి ఇవ్వటానికి అనేక కుటుంబాలు సంకోచిస్తాయి. ఆ సంకోచం న్యాయమైనదే. ఈ పనిని ఇంటివారే నేర్చుకొనటం ఉత్తమం. మన విద్యార్థినులు ఈ విద్యను రెండు మూడు దినాలలో అలవరచుకోగలరు. కుటుంబం అనుమతి లేనిదే ఏ దృశ్యాన్నీ పదిమందిలో పెట్టరాదు.

‘నేడు మార్చిన రూపం రేపు మరల పాతబడదా?’ అని కొందరు ఆక్షేపిస్తారు. పాతబడుతుంది. అయితే కేసెట్ నుండి కేసెట్‌కు ఎక్కించిన ప్రతిసారీ బొమ్మ కొంత క్షీణించేది. కంప్యూటర్ ఫైలును నూరుసార్లు నకలు చేసినా సరిగా చేస్తే అణువంత కూడా తగ్గదు. కష్టమైన అడుగు మొదటిదే. ఆ తరువాత రెండు మూడు ప్రతులు తీసి, ఒకటి వేరొక ఊరిలోని బంధువుల ఇంట ఉంచి, కొన్ని ఏండ్లకొకసారి కొత్త డిస్క్‌లోకి మార్చుకొంటే సరిపోతుంది. ప్రతి దృశ్యానికీ తేదీ, ఊరు, అందులోని వారి పేర్లు వ్రాసిపెట్టటం మరువరాదు. ముఖాలను గుర్తుపట్టగల పెద్దలు ఉన్నప్పుడే ఆ పని జరగాలి. పేరు తెలియని బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా సగం పోయినట్లే.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంగా ఒక మనవి. బాగా పనిచేసే ఒక వి.సి.ఆర్., ఒక ఆడియో కేసెట్ డెక్, వాటిని కంప్యూటర్‌కు కలిపే ఒక చిన్న పరికరం – ఇవి గ్రంథాలయంలో ఒక మూల ఉంచితే చాలు. వార్షికోత్సవాల కేసెట్లతో ఆరంభించి, విద్యార్థులు తమ ఇండ్ల కేసెట్లను తామే ఎక్కించుకొనే వీలు కలుగుతుంది. దీనికయ్యే ఖర్చు ఒక వార్షికోత్సవ వేదిక అలంకరణకు మించకపోవచ్చు.

విద్యార్థులు గ్రహించవలసిన సారాంశం ఇదే. కొన్న సినిమాలను కొత్త రూపంలోకి మార్చుకొనటం అభిరుచికి సంబంధించిన విషయం; తొందర లేదు, ఎంచి కొనవచ్చు. మనవారి దృశ్యాలను, కంఠాలను మార్చుకొనటం బాధ్యతకు సంబంధించిన విషయం. దానికి గడువు ఉన్నది, ఆ గడువు ప్రతి వానకాలానికీ తరుగుతున్నది. అవి పెద్దలు మన చేతిలో ఉంచిపోయిన అమానత్. అమానత్‌ను మెరుగుపెట్టకపోయినా దోషం లేదు గాని, పోగొట్టుకొనటం మాత్రం తగదు. ఈ సెలవులలోనే ప్రతి విద్యార్థీ తన ఇంటి బీరువాను ఒకసారి తెరిచి చూడాలని కోరుతున్నాను.