మడ అడవి బురదలో దాగిన కర్బనము

కాకినాడకు దక్షిణమున, గౌతమీ గోదావరి సముద్రమును చేరు ప్రాంతమున కోరంగి మడ అడవులు వ్యాపించియున్నవి. ఇందు సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర 1978లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. ఆటు సమయమున ఇచ్చటి కాలువలలో పడవపై పోవువారికి కుళ్లిన కోడిగ్రుడ్డు వంటి వాసన తగులును. దీనికి కారణమేమి?

చెట్లన్నియు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సూర్యరశ్మి సాయముతో అందలి కర్బనమును ఆకుగను, కొమ్మగను, వేరుగను మార్చుకొనును. మామిడితోటలో రాలిన ఆకును సూక్ష్మజీవులు తినివేయును. వానికి ప్రాణవాయువు సమృద్ధిగా లభించుటచే కర్బనములో అధికభాగము త్వరలోనే తిరిగి గాలిలో కలియును. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్ల ఆకులు మాత్రము ఉప్పునీట నానిన బురదలో పడును. ఆ బురదలో పైపొర దాటినచో ప్రాణవాయువు దాదాపు లేదు. అందుచేతనే మడచెట్టు తన శ్వాసవేళ్లను మేకులవలె పైకి నిలిపి గాలి పీల్చుకొనును. ఇట్టిచోట బ్రతుకు సూక్ష్మజీవులు సముద్రజలములోని సల్ఫేటు లవణములను వాడుకొని మెల్లగా పనిచేయును. అప్పుడు వెలువడు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుదే ఆ దుర్వాసన.

కుళ్లుట మందగించుటచే ఆకులు, వేళ్లు పూర్తిగా నశింపకముందే ఒండ్రు వానిని కప్పివేయును. ఇట్లు పొరమీద పొర పేరుకొని, కర్బనము వందల ఏండ్లు నిలువయుండును. మడ అడవుల కర్బనములో సగమునకు మించి నేలలోనే కలదు. పాక్ జలసంధిలోను, చిలికా సరస్సులోను పెరుగు సముద్రపు గడ్డియు ఈ పనినే చేయును. కాని దానికి నీటి అడుగున వెలుతురు కావలెను. బురదనీటి గోదావరి ముఖమున ఆ పని ముఖ్యముగా మడచెట్లది. ఇట్టి తీరనిలువలకు 2009 నుండి ‘నీలి కర్బనము’ అను పేరు ప్రచారములోనికి వచ్చినది.

ఈ నిధి శాశ్వతము కాదు. 12 పాళ్ల కర్బనము 32 పాళ్ల ప్రాణవాయువుతో కలిసి 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువగును. రొయ్యల చెరువుకై అడవిని నరికి బురదను త్రవ్వి ఆరబెట్టినచో, అందలి కర్బనము గాలి తగిలి మరల ఆ వాయువుగా మారును. 3 కిలోల కర్బనమునుండి 11 కిలోల వాయువు పుట్టును! చెట్లను కొన్ని దశాబ్దములలో తిరిగి పెంచవచ్చును. వందల ఏండ్ల పొరలను అట్లు పెంచజాలము. మరియొక చిక్కు కలదు. ఎగువ జలాశయములు ఒండ్రును ఆపివేయుటచే డెల్టాకు చేరు మట్టి తగ్గినది. సముద్రమట్టము పెరుగుచుండగా బురద దానితోపాటు పెరగనిచో చెట్లు మునిగిపోవును.

విద్యార్థులు దీనిని పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. ఒకే జాతి ఆకులను రెండు పాత్రలలో పూడ్చి, ఒకదానిలో గాలి సోకు తడిమట్టిని, రెండవదానిలో నీరు నిలిచిన బురదను ఉంచవలెను. కొన్ని వారముల తరువాత తీసి పోల్చినచో, ఏ ఆకు ఎక్కువ శిథిలమైనదో కంటికే తెలియును.